రేపు మేస్త్రి లేవని రోజు

కుర్చీలు బాగుచేసే మేస్త్రిని వీధంతా రేపు మేస్త్రి అంటుంది. ఎవరు ఎప్పుడడిగినా రేపే ఇస్తానంటాడు. అబద్ధం చెబుతున్నట్టు ఉండదు. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో నిజంగానే ఒక రేపు కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి వెళ్ళిపోతారు.

షాపు ఒకే గది. గోడల పొడుగునా కుర్చీలు. వాటి మీద కాళ్ళు పైకి పెట్టి ఇంకొన్ని కుర్చీలు. మధ్యలో చిన్న పీట, పక్కన సుత్తి, నవారు చుట్ట, మేకుల డబ్బా. తెగిన పట్టీలు విప్పి కొత్త నవారు బిగిస్తాడు. వాలిన స్ప్రింగుల్ని నిలబెట్టి దారంతో కడతాడు. పైన గుడ్డ పరిచి అంచుల వెంట మేకులు కొడతాడు. మేకుల్ని పెదవుల మధ్య పట్టుకుని పనిచేస్తాడు కాబట్టి మాటలు తక్కువ. రేపు అనడానికి మాత్రం మేకులు తియ్యనక్కర్లేదు. అలవాటైపోయింది.

పని పూర్తయిన కుర్చీలో ఒకసారి కూర్చుని చూస్తాడు. అలా ఊళ్ళో పెద్దమనుషులందరి కుర్చీల్లోనూ కూర్చున్నాడు. డాక్టరుది, బ్యాంకు మేనేజరుది, క్షవరం షాపులో తిరిగే కుర్చీ. ఎందులో కూర్చున్నా బెరుకు లేదు. టీచరు ఎదురుగా మాత్రం కూర్చోలేడు.

అది చిన్నప్పటి జబ్బు. చదివిన నాలుగు క్లాసుల్లో బెంచీ మీద కూర్చున్నది తక్కువ, బెంచీ ఎక్కి నిల్చున్నది ఎక్కువ. ఇప్పటికీ వీధిలో టీచరు పోతుంటే పీట మీంచి లేస్తాడు. ఆ టీచరు అతని కూతురికన్నా చిన్నదైనా సరే. లేచిన సంగతి లేచేదాకా తెలియదు. ఒళ్ళో సుత్తి కాలి మీద పడితే తెలుస్తుంది.

ఇలాంటివాడి దగ్గరికి ఒక గుమస్తా వచ్చాడు.

నిజానికి వచ్చింది తన కుర్చీ కోసం. మేస్త్రి రేపన్నాడు. గుమస్తా ఉసూరుమంటూ గుమ్మంలోనే చతికిలపడ్డాడు. ఆఫీసులో ఒక పని అతని మెడకి చుట్టుకుంది. టీచరు నడవడి బాగాలేదనో, పాఠం రాదనో ఫిర్యాదు వస్తే ఇన్నాళ్ళూ ఆ బడివాళ్ళే చూసుకునేవారు. ఇకమీదట బయటివాళ్ళు చూడాలని కమిటీ వేశారు. అందులో ముగ్గురు. చట్టం తెలిసినవారొకరు. పాఠం చెప్పడం తెలిసినవారొకరు. రెండూ తెలియనివారొకరు. ఈ మూడో మనిషిని స్వతంత్ర సభ్యుడంటారు. ఆ మనిషి టీచరై ఉండకూడదు, ఇంట్లో టీచరు ఉండకూడదు, బళ్ళతో లావాదేవీలు ఉండకూడదు.

"ఊరంతా జల్లెడ పట్టాను మేస్త్రీ. ఎవరింటికెళ్ళినా ఓ టీచరు. టీచరు లేరంటే అల్లుడు టీచరు. అల్లుడు కూడా కాదంటే వియ్యపురాలు రిటైరైన టీచరు. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"మా వంశంలో బడికి పోయినవాడే తక్కువ బాబూ."

"పోనీ, బడి కుర్చీలు ఎప్పుడైనా బాగుచేశావా?"

"తెచ్చారొకసారి. రేపన్నాను. పట్టుకుపోయారు."

గుమస్తా మొహం వెలిగిపోయింది.

సాయంత్రం మేస్త్రి ఇంటికెళ్ళి సంగతి చెప్పాడు. భార్య బట్టలు మడత పెడుతోంది. చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది.

"స్వతంత్ర సభ్యుడా? మీరా?"

"నేనే."

"కూరేం చెయ్యనండీ అంటే నీ ఇష్టం అంటారు. కిటికీ తియ్యనా, మూసెయ్యనా అంటే నీ ఇష్టం అంటారు. మీకు స్వతంత్రం ఎవరిచ్చారండీ?"

"గవర్నమెంటు."

"పోన్లెండి. ఇంట్లో లేనిది బయటైనా దొరికింది."

కమిటీ కూర్చునేది ఒక పాత ఆఫీసు పై అంతస్తులో. పొడుగాటి బల్ల. ఇటు మూడు కుర్చీలు, అటు రెండు. మేస్త్రి ముందు కుర్చీల కాళ్ళు చూశాడు, తర్వాత మనుషుల్ని చూశాడు. మధ్యలో అధ్యక్షురాలు. లాయరుగా చేసి మానేసినావిడ, అందరూ లాయరమ్మగారంటారు. ఆవిడకి అటుపక్క రిటైరైన లెక్కల మేష్టారు.

చిక్కు అక్కడే మొదలైంది. మేష్టారు కూర్చునేదాకా మేస్త్రి నిలబడ్డాడు. మేష్టారు పెన్ను కిందపడితే తీసుకోడానికి లేచారు. మేస్త్రీ లేచాడు. మేష్టారు కిటికీ మూయడానికి లేచారు. మేస్త్రీ లేచాడు.

"మీకు నడుంనొప్పాండీ?" అంది లాయరమ్మ.

ఫిర్యాదు చేసినాయనకి మందుల షాపుంది. ఆయన కూతురు ఆరో క్లాసు. ఫిర్యాదు సైన్సు టీచరు మీద. ఆయన బల్లకి అటుపక్క కూర్చుని, మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పే గొంతుతో చెప్పుకొచ్చాడు.

"రెండు సంగతులండీ. మొదటిది నడవడి. ఆవిడ క్లాసులోకొస్తే పిల్లలు లేవరు. లేవొద్దని ఆవిడే చెప్పిందట. రెండోది తెలివి. మా అమ్మాయి చీమలు నిద్రపోతాయా అని అడిగింది. నాకు తెలియదమ్మా, రేపు చెప్తాను అందట. సైన్సు టీచరండీ! నా షాపుకొచ్చి ఈ బిళ్ళ దేనికని అడిగితే నేను తెలియదు, రేపు చెప్తానంటే ఊరుకుంటారా?"

"పేషెంటు రేపటిదాకా ఉండొద్దూ," అన్నారు లెక్కల మేష్టారు.

టీచరమ్మని పిలిచారు.

చిన్నపిల్ల. ఉద్యోగంలో అది మొదటి ఏడాది. పాఠం రాదని కమిటీ తేలిస్తే ఆ ఉద్యోగం ఖాయం కాదు. ఇంటికి పంపేస్తారు. ఆ సంగతి ఆమె చేతుల్లోని సంచీకి కూడా తెలిసినట్టుంది. పట్టు బిగిసి ముడతలు పడిపోయింది.

ఆమె గుమ్మం దాటిందో లేదో మేస్త్రి లేచాడు. కుర్చీ దభాలున వెనక్కి పడింది. ఆ చప్పుడుకి టీచరమ్మ హడలిపోయింది.

"అయ్యో, కూర్చోండి బాబాయ్‌గారూ!"

టీచరు కూర్చోమన్నాక కూర్చోకుండా ఎలా? మేస్త్రి కూర్చున్నాడు. కుర్చీ అక్కడ లేదు.

గుమస్తా, మేష్టారు కలిసి అతన్ని పైకి లాగారు. మందుల షాపాయన అప్పటికే వేలు చూపిస్తున్నాడు.

"చూశారా? ఆవిడ రాగానే లేచాడు. కూర్చోమంటే నేలైనా సరే కూర్చున్నాడు. ఈయన స్వతంత్రుడా? ఆవిడ చేతులు కట్టుకోమంటే కట్టుకునేలా ఉన్నాడు!"

మేస్త్రి ఎవరూ చెప్పకుండానే చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆ మాట వినేసరికి విప్పేశాడు.

లాయరమ్మ నవ్వు ఆపుకుంది. "మీ ఫిర్యాదే పిల్లలు లేవట్లేదని కదండీ. ఇంతకీ లేవాలంటారా, లేవకూడదంటారా?"

"పిల్లలు లేవాలి. ఈయన లేవకూడదు."

అందులో న్యాయం ఉందని లాయరమ్మ ఒప్పుకుంది. మేస్త్రి వైపు తిరిగింది.

"మేస్త్రిగారూ, ఈసారికి వదిలేస్తున్నాను. ఒక పక్షం వస్తే లేచి, రెండో పక్షం వస్తే కూర్చునే సభ్యుణ్ణి నేను ఉంచలేను. ఇంకోసారి లేచారంటే మిమ్మల్ని తప్పించాలి. మీ బదులు ఇంకొకరు దొరకరు. ముగ్గురు లేకపోతే విచారణ చెల్లదు. ఫిర్యాదు మళ్ళీ ఆ బడి హెడ్మాస్టరు దగ్గరికే పోతుంది."

ఆ మాటతో బల్లకి అటుపక్క రెండు మొహాలూ పాలిపోయాయి. ఆ హెడ్మాస్టరు షాపాయనతో "చూద్దాం" అని పంపేసి నెలలు దాటించాడు. టీచరమ్మతో "చూసుకుందాం" అన్నాడు. ఆయన గుమ్మంలోకొచ్చినా ఆమె క్లాసులో పిల్లలు లేవలేదు మరి.

విచారణ వచ్చే సోమవారానికి వాయిదా పడింది. మెట్లు దిగుతుంటే షాపాయన వెనకనుంచి వచ్చి మేస్త్రి చెవిలో అన్నాడు.

"నీకు పుణ్యముంటుంది మేస్త్రీ. నాకు అనుకూలంగా చెప్పనక్కర్లేదు. కూర్చో చాలు."

మేస్త్రి దిగులుగా ఇల్లు చేరాడు. భార్య అంతా విని నడుం బిగించింది.

"దీనికింత బెంగెందుకండీ? అలవాటు చేసుకుంటే సరి. అక్కడ కూర్చోండి. నేను టీచరుగా వస్తాను."

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. స్కేలు లేదని గరిటె పట్టుకుంది. వంటగదిలోంచి నడిచొచ్చింది. మేస్త్రి లేచాడు.

"నేనేనండీ!"

"తెలుసే. కళ్ళజోడు చూసి..."

ఆమె కళ్ళజోడు తీసేసి వచ్చింది. మేస్త్రి లేచాడు.

"ఇప్పుడు దేన్ని చూసి?"

"గరిటెని చూసి."

గరిటె పక్కన పెట్టి, కొంగు బిగించి, ఉత్త చేతులతో వచ్చింది. మేస్త్రి లేచాడు. ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇన్నేళ్ళుగా నేనొస్తే లేస్తున్నారా మీరు? నేనెప్పుడూ చూడనేలేదే," అంది భార్య. ఆ తర్వాత ఆమె స్వరం కొంచెం మెత్తబడింది. కానీ పని జరగలేదు. వారమంతా జరగలేదు.

ఆదివారం మేస్త్రి షాపులో పీట మీద కూర్చుని బుర్ర గోక్కున్నాడు. నడుముకి నవారు కట్టుకుందామా అనుకున్నాడు. ఆలోచిస్తూ వెనకున్న ఒక చేతుల కుర్చీలో వాలాడు. అంతే, లోపలికి దిగిపోయాడు. అడుగు పట్టీలు ఎప్పుడో తెగిపోయి గుడ్డ ఒక్కటే మిగిలిన కుర్చీ అది. మోకాళ్ళు గడ్డం దగ్గరికొచ్చాయి. చేతులు గాలిలో ఆడాయి. లేద్దామంటే కుర్చీ కూడా లేచింది.

భార్య భోజనానికి పిలవడానికొచ్చింది. మేస్త్రి లేవబోయాడు. లేవలేకపోయాడు. అతని మొహం వికసించింది.

సోమవారం ఆ కుర్చీని నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు. ఇది కావాలని గుమస్తాతో చెప్పాడు. గుమస్తా తన కుర్చీ ఏమోనని ఆశగా చూసి, కాదని తెలిసి నిట్టూర్చాడు. లెక్కల మేష్టారు, లాయరమ్మ కూర్చున్నాక మేస్త్రి జాగ్రత్తగా వెనక్కి వాలి దిగిపోయాడు. బల్ల మీద అతని తల ఒక్కటే కనిపిస్తోంది.

టీచరమ్మ వచ్చింది.

బల్ల వెనక పెద్ద పెనుగులాట. కుర్చీ కిర్రుమంది. మేస్త్రి నుదుటి మీద చెమట పట్టింది. కాళ్ళు రెండుసార్లు నేలని తన్నాయి. తల ఒక జానెడు పైకి లేచి, మళ్ళీ మెల్లగా దిగింది.

"లేవలేదు," అంది లాయరమ్మ తృప్తిగా.

అప్పటికే షాపాయన కూడా లోపలికొచ్చాడు. మేస్త్రిని కాదు, కుర్చీ చేతుల్ని చూస్తున్నాడు. బల్ల చుట్టూ తిరిగి దగ్గరికొచ్చి వంగాడు.

"ఇది మా కుర్చీ!"

కుర్చీ చెయ్యి తడిమి చూసుకున్నాడు.

"మా నాన్నగారి కుర్చీ అండీ ఇది. మా అమ్మాయి మూడో క్లాసులో ఉండగా ఇచ్చాను. అమ్మాయి ఆరుకొచ్చింది. ఎప్పుడడిగినా రేపు!"

లాయరమ్మ తల పట్టుకుంది. "మేస్త్రిగారూ, ఫిర్యాదుదారుతో మీకు వ్యవహారం ఉందని ముందే చెప్పాలి కదా?"

"బళ్ళతో ఉందా అన్నారమ్మా. లేదన్నాను. మనుషులతో అంటే ఎక్కణ్ణించి మొదలెట్టను? ఊళ్ళో సగం కుర్చీలు నా దగ్గరే ఉన్నాయి." కాస్త ఆగి లెక్కల మేష్టారి వైపు చూశాడు. "మేష్టారి పడక్కుర్చీ కూడా."

మేష్టారు పైకప్పు వైపు చూశారు.

లాయరమ్మ టీచరమ్మనీ షాపాయన్నీ అడిగింది. "ఈయన టీచరమ్మని చూస్తే లేస్తారు. మీకు కుర్చీ ఇవ్వాలి. ఈయన్ని ఉంచనా, వద్దా? ఎవరు అభ్యంతరం చెప్పినా ఫిర్యాదు హెడ్మాస్టరు దగ్గరికే వెళ్తుంది."

"నాకేం అభ్యంతరం లేదండీ," అంది టీచరమ్మ.

షాపాయన పళ్ళు నూరాడు. "నాకూ లేదు. కానీ కుర్చీ ఎప్పుడిస్తాడో అడగండి."

"రేపు," అన్నాడు మేస్త్రి. నోట్లో మేకులు లేకపోయినా ఉన్నట్టే.

విచారణ మొదలైంది. పిల్లల్ని లేవొద్దని ఎందుకన్నావని లాయరమ్మ అడిగింది.

"ఆ బెంచీలు నేలని గీసుకుంటాయండీ. అందరూ లేచి కూర్చునేసరికి ఒకరి వాటర్ బాటిలు పడుతుంది, అది తుడిచేసరికి ఇంకొకరు ఏడుస్తారు. పాఠం సగానికొస్తుంది. అందుకని కూర్చునే నమస్తే చెప్పమన్నాను. గట్టిగానే చెప్తారండీ. పక్క క్లాసువాళ్ళు కూడా తిరిగి చెప్తారు."

నడవడిలో తప్పేమీ లేదని ముగ్గురూ ఒప్పుకున్నారు. మేస్త్రి కొంచెం ఆలస్యంగా ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది తెలివి.

"ఏమైనా చెప్పండి," అన్నారు లెక్కల మేష్టారు. "టీచరు నోట తెలియదన్న మాట రాకూడదు. నా సర్వీసంతటిలో నేనొక్కసారి అనలేదు."

"అన్నీ తెలుసా మీకు?" అంది లాయరమ్మ.

"తెలియకపోతే గద్దించేవాణ్ణి."

"తెలియదంటే పాఠం రాదని కాదు. నా ఓటు టీచరమ్మకి."

"నా ఓటు షాపాయనకి."

ఇద్దరూ మేస్త్రి వైపు తిరిగారు. బల్లకి అటువైపు సంచీ మరింత నలిగింది. ఒక ఉద్యోగం వచ్చి ఆ గుంటలో కూర్చున్న మనిషి మీద వాలింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. టీచర్ని ప్రశ్న అడగడం అతను జన్మలో ఎరగడు. ఏం చెయ్యాలో తోచక, బడిలో చేసినట్టే వేలెత్తాడు.

"వెళ్ళిరండి," అంది లాయరమ్మ. "బయట, ఎడం పక్క."

"అందుకు కాదమ్మా. ఒకటి అడగాలి."

"అడగండి."

"లేచి అడగాలి కదమ్మా?"

"వద్దు!" అని గదంతా ఒక్కసారి అరిచింది. అందరికన్నా గట్టిగా షాపాయన.

మేస్త్రి కూర్చునే టీచరమ్మని అడిగాడు. కళ్ళు మాత్రం బల్ల అంచు మీద ఉన్నాయి.

"రేపు చెప్తానన్నారు కదమ్మా. మరి, రేపు చెప్పారా?"

టీచరమ్మ సంచీ బల్ల మీద పెట్టింది.

"చీమల సంగతి చెప్పానండీ. చిన్న చిన్న కునుకులు తీస్తాయని. మర్నాడే చెప్పాను. ఆ రోజు ఈయనగారి అమ్మాయి బడికి రాలేదు." షాపాయన కదిలాడు. "ఇంకొకటుంది. ఒకరు ఆవులిస్తే పక్కవాళ్ళకి ఆవులింత ఎందుకొస్తుందని అడిగారు. రేపన్నాను. మర్చిపోయాను. పిల్లలు కూడా మళ్ళీ అడగలేదు."

"అడగరమ్మా," అన్నాడు మేస్త్రి. "రెండుసార్లు తిరిగాక మానేస్తారు."

"మేం మానలేదే!" అన్నాడు షాపాయన.

"మీరు మొండివారు బాబూ." మేస్త్రి లాయరమ్మ వైపు తిరిగాడు. ఆవిడ టీచరు కాదు కాబట్టి మాట సులువుగా వచ్చింది. "ఉద్యోగం తియ్యకండమ్మా. తెలియదని ఒప్పుకోవడం తప్పని నాకనిపించట్లేదు. మా మేష్టారు ఒక్కసారి అలా అనుంటే నేను ఆ పూట బెంచీ దిగేవాణ్ణి. కానీ అసలు తప్పే లేదని కూడా రాయకండి. రేపన్నది కళ్ళకి కనబడే చోట ఉండాలి. బోర్డు మీద ఓ మూల రాసిపెట్టాలి. జవాబు చెప్పేదాకా తుడవకూడదు."

"మీ షాపులో కూడా కళ్ళకి కనబడేలాగే పెట్టారు కదా, కాళ్ళు పైకి?" అన్నారు మేష్టారు.

"అవునండీ. బాగుచెయ్యట్లేదనుకోండి. కానీ సిగ్గుగా ఉంటుంది."

మేష్టారు నవ్వేశారు. కాసేపాలోచించి, మేస్త్రి మాటకి తన ఓటు కూడా కలిపారు. షాపాయన మొహం కొంత మాడింది, కొంత తేరుకుంది. బోర్డు మూల మాట అతనికి నచ్చింది. అది ఎవరు చూస్తారని అడిగాడు. బడివాళ్ళు చూస్తే మళ్ళీ "చూద్దాం" అంటారు.

"స్వతంత్ర సభ్యుడే వెళ్ళి చూస్తారు," అంది లాయరమ్మ.

మేస్త్రి వేలెత్తాడు. ఈసారి ఎవరూ పట్టించుకోలేదు.

టీచరమ్మ ఒక చెయ్యి, షాపాయన ఒక చెయ్యి పట్టుకుని అతన్ని కుర్చీలోంచి బయటికి లాగారు. షాపాయన కుర్చీని ఇంటికి పట్టుకుపోతానన్నాడు. "పట్టీలు వెయ్యకుండా ఎలా బాబూ, ఎవరైనా కూర్చుంటే ప్రమాదం," అని మేస్త్రి దాన్ని మళ్ళీ నెత్తికెత్తుకున్నాడు.

ఒక నెల పోయాక అతను బడికెళ్ళాడు. భార్య ఉతికిన చొక్కా వేసి పంపింది. ఆరో క్లాసు గుమ్మంలో ఆగాడు. పిల్లలు లేవలేదు. కూర్చునే నమస్తే అని అరిచారు. పక్క క్లాసువాళ్ళు కూడా అరిచారు. కుర్చీలో ఉన్న టీచరమ్మ మాత్రం అతన్ని చూసి లేచి నిలబడింది.

మేస్త్రికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. తనే నిలబడి ఉన్నాడు, ఇంకా ఎక్కడికి లేవాలి?

"కూర్చోండమ్మా," అన్నాడు. అన్నాక ఆ మాట తన నోట వచ్చిందని తెలిసింది.

బోర్డు మూలన చిన్న గీత గీసి ఉంది. దాని కింద ఆవులింత లేదు. దానికి జవాబు చెప్పేశానంది టీచరమ్మ. చెప్పిన రోజు క్లాసంతా ఆవులించిందట. నీడల గురించి ఒక ప్రశ్న ఉంది. నిన్నటిదే. మేస్త్రి తల ఊపి వెనక్కి తిరిగాడు.

రెండో బెంచీలోంచి ఒక పిల్ల, కూర్చునే, చెయ్యెత్తింది. మందుల షాపాయన కూతురు.

"తాతయ్యగారూ, మా కుర్చీ ఎప్పుడిస్తారు?"

"రేపమ్మా," అన్నాడు మేస్త్రి. ఆలోచించకుండానే వచ్చేసింది.

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. సుద్దముక్క తీసుకుంది. నీడల ప్రశ్న కింద, గుండ్రటి అక్షరాలతో, అందరికీ కనబడేలా రాసింది: మందుల షాపు కుర్చీ.

"తుడవడం మీ చేతుల్లోనే ఉంది బాబాయ్‌గారూ," అంది.

ఆ మధ్యాహ్నం షాపులో ఒక కుర్చీ కాళ్ళు కిందికొచ్చాయి. మేస్త్రి పెదవుల మధ్య మేకులు పెట్టుకుని మొదటి పట్టీ బిగిస్తుండగా గుమస్తా గుమ్మంలోకొచ్చాడు.

"నాదెప్పుడు మేస్త్రీ?"

మేస్త్రి సుత్తి ఆపాడు. మేకుల్ని ఒక్కొక్కటిగా తీసి డబ్బాలో వేశాడు. కాసేపాలోచించాడు.

"ఎల్లుండి," అన్నాడు.